తేదీ సవరణకు పోతయ్య సమ్మతి

భద్రాచలం దారిలోని భూమి హక్కుల కార్యాలయంలో ఇకపై వాయిదాలు ఉండవని ప్రజలకు సంతోషంతో తెలియజేయడమైనది. విచారణ తేదీలన్నీ ఏఐ ఏజెంటే చూసుకుంటుంది. తేదీ మార్చవలసి వస్తే దాని చేతిలో అపాయింట్‌మెంట్ సవరణ టూల్ ఉంది. పాత తేదీ మీద కొత్త తేదీ కూర్చోగానే పాతది ఆనవాలు లేకుండా పోతుంది. రికార్డులో ఎప్పుడు చూసినా ఒకటే తేదీ. ఒకటే తేదీ ఉన్నచోట వాయిదా ఎక్కడిది?

ఈ టూల్‌ను ఎప్పుడు వాడాలో, ఎప్పుడు వాడకూడదో ఏజెంటు చదువుకునేలా వివరణ పత్రం రాసే పని సోమ్లికి అప్పగించారు. ఆమె తండాలో డిగ్రీ పాసైన మొదటి మనిషి. కాంట్రాక్టు ఉద్యోగం. కాగితం మీద రాసింది జరుగుతుందని ఇంకా నమ్ముతూనే ఉంది. ఏజెంటుకూ అదే జబ్బు.

మొదటి ప్రతిలో ఆమె "తేదీ మార్చితే కారణం రాయాలి" అని పెట్టింది. అధికారి వెంకటేశ్వరరావు గారు దాన్ని దయతో కొట్టేశారు. కారణాలు రాస్తూ కూర్చుంటే పనులెప్పుడు చేస్తామని అడిగారు. "ఎదుటి మనిషికి తెలియాలి" అన్న వాక్యాన్ని "మెసేజ్ పంపితే తెలిసినట్టే" అని మెరుగుపరిచారు.

దుమ్ముగూడెం అవతలి అడవి ఊళ్లో పోతయ్య ఉంటాడు. గుట్ట ఎక్కితే గాని అక్కడ సిగ్నల్ రాదు. అతని పోడు భూమి పట్టాకు ఒక్క విచారణ మిగిలింది. పట్టా చేతికి రాకుంటే ఈ వానాకాలం సొంత చెలకలో అటవీశాఖ వాళ్లు నాగలి దించనివ్వరు.

వాళ్ల ఊళ్లో పెళ్లికైనా పండుగకైనా రోజు ఖాయమైతే, ఎన్ని రోజులుంటే అన్ని ముడులు వేసిన దారం ఇస్తారు. రోజుకొక ముడి విప్పుకుంటూ పోతే, ముడులు అయిపోయిన రోజే ఆ రోజు. రోజు మార్చాలంటే దారం ఇచ్చిన మనిషే మళ్లీ వచ్చి, ఎదురుగా కూర్చుని అడగాలి. కార్యాలయం చెప్పిన తేదీకి కూడా పోతయ్య భార్య ఆదెమ్మ అట్లాగే ముడులు వేసింది. ముడులు అయిపోయాయి, పోతయ్య బస్సెక్కి వచ్చాడు. తేదీ మారింది, మెసేజ్ చూసుకోలేదా అన్నారు. ఇట్లా తొమ్మిదిసార్లు.

తొమ్మిదోసారి పోతయ్య తిన్నగా సోమ్లి బల్ల దగ్గరికొచ్చి ఒక దారం పెట్టాడు. దానికి తొమ్మిది లావు ముడులు.

"నేను బస్సెక్కినప్పుడల్లా మా ఆదెమ్మ ఒకటి ఏసింది బిడ్డా. మీ మిషన్ల ఎన్నున్నయ్?"

సోమ్లి చూసింది. "ఒక్కటే ఉంది పెద్దయ్యా. వచ్చే సోమవారం, పదకొండు గంటలకు."

"అవ్, నిరుడు సంది గదే ఒక్కటి." పోతయ్య నవ్వాడు. "మా దిక్కు రోజు మార్సాలంటే మనిషిని అడుగుతరు. మీ దిక్కు అడగరా?"

సోమ్లి దీన్ని సాంకేతిక సలహాగా స్వీకరించింది. పద్నాలుగో పేజీలో ఒక వాక్యం చేర్చింది: ఎదుటి మనిషి ఒప్పుకుంటేనే తేదీ మార్చాలి, జవాబు రాకుంటే ఒప్పుకోనట్టు. చేర్చిన సంగతి అధికారికి చెప్పింది కూడా. ఆయన మంచిదమ్మా అని నలభై పేజీల కింద సంతకం పెట్టారు. ఆ సంతకం చూసి మరో నలుగురు పెట్టారు. పత్రాన్ని ఆసాంతం చదివింది మాత్రం ఏజెంటు ఒక్కటే.

అంతలో ఒక్క వాయిదా కూడా వేయని కార్యాలయంగా అవార్డు వచ్చింది. హైదరాబాద్‌లో సన్మానం. అదే సోమవారం, పదకొండు గంటలకే. పోతయ్య తేదీ మార్చుదామని ఏజెంటు అతన్ని మెసేజ్‌లో అడిగింది. జవాబు లేదు. అప్పుడది సన్మానం వాళ్లకు మర్యాదగా రాసింది: "ఆ సమయంలో సారుకు పోతయ్య గారితో పని ఉంది. రాలేరు." వాళ్లు అంతే మర్యాదగా అవార్డును వేరే కార్యాలయానికి ఇచ్చారు. సారుకు ఈ సంగతి సోమవారం తెల్లవారుజామున, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కారెక్కబోతుండగా తెలిసింది.

పదకొండింటికి పోతయ్య వచ్చాడు. చేయడానికి వేరే పనేదీ దొరకక వెంకటేశ్వరరావు గారు విచారణ జరిపారు. ఏడు నిమిషాలు పట్టింది. పట్టా అందుకున్న పోతయ్య ఆ తొమ్మిది ముడుల దారాన్ని సారు బల్ల మీద పెట్టాడు.

"నాకిగ దీంతోని పనిలేదు సారూ. మీకు పనికొస్తది."

పద్నాలుగో పేజీలోని ఆ వాక్యం పత్రంలోకి ఎట్లా వచ్చిందో కనుక్కోవడానికి కమిటీ వేశారు. కింద అధికారి సంతకం ఉన్నందున వాక్యం సరైనదేనని కమిటీ తేల్చింది. వాక్యాన్ని గౌరవిస్తూనే గేటు దగ్గర ఒక ఫారం పెట్టారు: "నా తేదీని ఎన్నిసార్లు మార్చినా నాకు సమ్మతమే." ఇక్కడ వేలిముద్ర వేసినవారినే లోపలికి పంపుతారు. ఫారం రాసింది సోమ్లి. రాయకుంటే కాంట్రాక్టు తేదీ కూడా సవరించవచ్చని ఆమెకు గుర్తుచేశారు.

మొదట వచ్చింది జంపయ్య. అతనిదీ పోడు భూమే. బొటనవేలికి సిరా పూసుకుని, ఏం రాసి ఉందో చదవమన్నాడు. సోమ్లి ఒక్క అక్షరం వదలకుండా చదివింది.

"మరి మేం ఎప్పుడొచ్చినా సమ్మతమే అని సారు ఏలు పెట్టిండా అమ్మా?"

ఫారంలో ఆ గడి లేదు. జంపయ్య వేలు గాలిలోనే ఆగింది.

"గవన్నీ ఎవలు సదువుతరు? జల్దీ పెట్టి కదులు" అని వెనక నుంచి ఎవరో విసుక్కున్నారు. ఆ పెద్దమనిషి ఎవరా అని సోమ్లి తలెత్తి చూసింది. వరుసలో మనమందరం తలలు వంచుకుని, ఫోన్లలో ఏదో ఒకదానికి "అంగీకరిస్తున్నాను" అని నొక్కుతూ కనిపించాం.