నాడితో కొలిచిన బావి

1878 వేసవిలో ఒక ఉదయం, ఉదయగిరి బడిపంతులు మల్లికార్జున మూడు పనులు తలపెట్టాడు: కొండ ఎక్కడం, బావిలో ఒక రాయి వేయడం, మధ్యాహ్న భోజనానికి ఇల్లు చేరడం. మూడోది మాత్రం అనుకున్నట్టే జరిగింది.

కొండకోటలోని పాత బావి కరువులో ఎండి, పూడిపోయింది. పూడు తీయించమని ఉత్తరువు వచ్చింది. కరువు పనుల మేనేజరు నారాయణయ్య అందుకు ఆత్మకూరు నుంచి తాడు తెప్పించాలి. ఎంత తాడో చెప్పాలంటే లోతు తెలియాలి. లోతు తెలియాలంటే తాడు కావాలి. ఆయన ఈ చిక్కులో నాలుగు రోజులు ఉన్నాక, తాడు అక్కరలేదనీ రాయి చాలుననీ మల్లికార్జున విన్నవించాడు. కిందికి పడే వస్తువు ప్రతి సెకనుకూ ఒకే కొలతన వేగం పుంజుకుంటుంది. కనుక రాయి అడుగు తాకడానికి పట్టిన సెకన్లను వాటితోనే హెచ్చించి, వచ్చినదాన్ని పదహారుతో హెచ్చిస్తే లోతు అడుగుల్లో తేలుతుంది. లెక్క కుదిరితే తాత్కాలికంగా ఉన్న అతని ఉద్యోగం ఖాయం చేయమని రాస్తానని మేనేజరు మాటిచ్చాడు. కుదరకపోతే బడికి వేరే పంతులు దొరకకపోడని కూడా అన్నాడు.

ఊళ్ళో ఉన్న ఒకే ఒక గడియారం మేనేజరు కచేరి గోడకు బిగించి ఉంది. దాన్ని కొండ ఎక్కించడం కుదరదు. మల్లికార్జున అందుకు చింతించలేదు. అతడు తత్త్వగ్రంథాలు చదివినవాడు. తనలోని కోరికనూ భయాన్నీ విడివిడిగా పరిశీలించి, రెండింటినీ జయించానని నిర్ణయానికి వచ్చినవాడు. దానికి రుజువు మణికట్టులోనే ఉంది. రోజూ ఉదయం ఆ గడియారం ముందు నిలబడి చూసుకుంటే అతని నాడి నిమిషానికి సరిగ్గా అరవైసార్లు కొట్టుకునేది. సెకనుకు ఒక దెబ్బ. ప్రశాంతుడికి వేరే గడియారం దేనికని అతని అభిప్రాయం.

గంటన్నర ఎక్కి, చెమటలు తుడుచుకుంటూ బావి చేరాడు. అక్కడ మేకలు కాస్తున్న ఓబమ్మ విషయం కనుక్కుని, అడగకుండానే సమాధానం చెప్పింది.

"మా ఇంటాయన ఏటేటా ఈ బావిలో దిగి పూడు తీసినాడయ్యవారూ. మనిషెత్తు నిలువులు పది, పైన ఇంకో అర."

ఒకరు చెప్పగా విన్నది జ్ఞానం కాదని మల్లికార్జున ఆమెకు సౌమ్యంగా వివరించాడు. ఆమె మేకల వెంట వెళ్ళిపోయింది. అతడు నాడి పట్టుకుని రాయి వదిలాడు. శబ్దం వినబడేలోగా నాలుగు దెబ్బలు. నాలుగు నాలుగులు పదహారు, పదహారు పదహార్లు రెండు వందల యాభై ఆరు.

మేనేజరు రెండు వందల యాభై ఆరు అడుగుల తాడుకు ఆత్మకూరు కబురు పంపాడు. పదిహేను రోజులకు తాళ్ళు పేనే రహమతుల్లా, పేనిన తాడు ఆత్మకూరులోనే ఉంచి, దుత్తలూరు మీదుగా బండి కట్టించుకుని తానే వచ్చాడు.

"ఉన్న నారంతా దీనికే పేనేసినాము దొరా. నీళ్ళు తోడే కపిలలకు తాళ్ళు లేక రైతులు ఎద్దుల్ని కట్టేసుకోని కూర్చోనుండారు. నమ్మకం కుదరక వచ్చినా. ఇంకోతూరి కొలవండి."

మేనేజరు స్వయంగా బయలుదేరాడు. ఆయన తట్టు గుర్రం మీద, మల్లికార్జున దాని వెనక పరుగు మీద. బావి దగ్గర మేనేజరు పంతులు మణికట్టు వైపే చూస్తూ నిలబడ్డాడు. పంతులు తన ఉద్యోగం వైపు చూస్తూ రాయి వదిలాడు. ఈసారి ఆరు దెబ్బలు. ఐదు వందల డెబ్బై ఆరు అడుగులు.

నారాయణయ్య వేళ్ళ మీద లెక్క వేశాడు. బావి గట్టు ఊరికన్నా ఐదు వందల అడుగుల ఎత్తున ఉందని ఆయనకు తెలుసు. అంటే బావి అడుగు తన కచేరికి డెబ్బై ఆరు అడుగుల కింద ఉందన్నమాట. పైగా పక్షం రోజుల్లో మూడు వందల ఇరవై అడుగులు దిగింది. ఆయన ఆ సాయంత్రమే నెల్లూరికి నివేదిక రాశాడు. కచేరి ఏ క్షణమైనా కుంగవచ్చని దస్త్రాలన్నీ బడికి తరలించాడు. బడి మూతపడింది. మిగిలిన మూడు వందల ఇరవై అడుగులకు రహమతుల్లా నార కోసం ఊరూరా తిరిగాడు. కపిలలు ఇంకో నెల ఆగాయి.

తాడంతా వచ్చాక, నాలుగు బండ్లలో పట్టేంతమంది మనుషులు దాన్ని కొండ మీదికి మోశారు. కొసన రాయి కట్టి వదిలారు. అరవై నాలుగు అడుగులు జారి తాడు సడలింది. కుదిపారు. సడలే ఉంది. మిగతాది గట్టు మీద, ఎవరికీ అక్కరలేకుండా, గడ్డివామంత ఎత్తున పడి ఉంది.

మల్లికార్జున ఒక బండ మీద కూర్చున్నాడు. ఊపిరి నెమ్మదించేదాకా ఆగి, నాడి పట్టుకుని ఇంకో రాయి వదిలాడు. రెండే దెబ్బలు. బావి ఎన్నడూ కదలలేదు. లేచి మేనేజరు ముందు చేతులు కట్టుకున్నాడు.

"తప్పు నాదేనయ్యా. కొండెక్కిన గుండెను గడియారమనుకున్నా. మీరొచ్చిన దినం భయం కూడా తోడైనాది."

"నువ్వు భయపడితే బావి దిగబడతాదా?"

"గుండె రెండింతలు కొట్టుకుంటే లోతు నాలుగింతలవుతాదయ్యా. మూడింతలైతే తొమ్మిదింతలు. నెల్లూరికి దిద్దుబాటు రాయండి. నా పని పోతే పోనీ."

నారాయణయ్య తాడు కుప్పను చూశాడు. దిగువన కనిపిస్తున్న ఖాళీ కచేరిని చూశాడు.

"నీ పని పోతే నాది ఉంటాదా? ఐదొందల డెబ్బై ఆరని నేను దస్కతు చేసినాను. దాని మీద నెల్లూరి కలెక్టరు దొర దస్కతు చేసినాడు. ఇంతమంది ఒప్పుకున్నాక నువ్వొక్కడివి ఎట్టా తప్పుతావు? నీ ఉద్యోగం ఖాయం చేయమని ఈ పొద్దే రాస్తా. ఇంకెప్పుడూ ఏదీ కొలవబాక."

మల్లికార్జున సత్యం కోసం నోరు తెరిచాడు. జయించాననుకున్న కోరిక అప్పటికే లోపల లేచి కూర్చుంది. వారం రోజుల్లో ఉత్తరువు వచ్చింది, బడి తెరిచారు, అతడు పిల్లలకు వ్యాకరణం చెప్పాడు.

దస్త్రాల్లో ఆ బావి లోతు ఇప్పటికీ ఐదు వందల డెబ్బై ఆరు అడుగులే. అందులో అరవై నాలుగు మాత్రమే వాడకంలో ఉన్నట్టు పక్కన రాసి ఉంది.