సమదృష్టి చట్టం కింద మొదటి కేసు

డెల్మార్ ఫాల్స్ పట్టణంలో జాతి వివక్ష గత మంగళవారం మధ్యాహ్నం అంతమైంది. మేయరుగారు సమదృష్టి చట్టం మీద సంతకం పెట్టి, కేకు కోసి, మిగిలింది పోలీస్ స్టేషనుకు పంపారు. ఇకమీదట ఒంటిరంగు చూసి ఏ కారునూ ఆపరాదు, వేరే కారణం ఉండాలి. (కారణాలు వెతకడానికి వేసిన ఉపసంఘం సెలవుల్లో కూడా పనిచేస్తోంది.)

గురువారం పొద్దున ఆల్టన్ మేబ్రీ కూతురు నైలాను డ్రైవింగ్ పరీక్షకు బయల్దేరదీశాడు. స్టీరింగు ముందు పిల్లే కూర్చుంది. పాసైతేనే ఊరవతల ఆస్పత్రిలో ఉద్యోగం, అక్కడికి బస్సు లేదు మరి. నల్లవాళ్ల ఇళ్లలో బ్రేకు కంటే ముందు నేర్పే పాఠం ఆల్టన్ ఎప్పుడో నేర్పేశాడు. బండి కాగితాలు ముందే ఎదుటి అద్దం దగ్గర పెట్టుకోవాలి. చేతులు స్టీరింగు మీదే ఉండాలి, అవి కనబడకపోతే పోలీసుకు తన తుపాకీ గుర్తొస్తుంది.

ఊరు దాటకముందే వెనక పోలీసు కారు నీలిదీపం వెలిగింది. నైలా బుద్ధిగా పక్కకు తీసి ఆపింది.

ఆఫీసర్ క్విగ్లీ చిరునవ్వుతో వచ్చాడు. (శిక్షణలో చిరునవ్వుకు అరపూట కేటాయించారు.) "నమస్కారమండీ. మిమ్మల్ని రంగు చూసి ఆపడం లేదని చెప్పడానికి ఆపాను. కొత్త చట్టం కదా, జనానికి తెలియాలి."

"అందరికీ ఇలాగే ఆపి చెబుతున్నారా?" అన్నాడు ఆల్టన్.

"అబ్బే, అవసరమైనవాళ్లకే."

అంతలో అతని చూపు అద్దం దగ్గరి కాగితాల మీద పడింది. "నేనడక్కముందే ఇవన్నీ బయట ఎందుకు పెట్టారు?"

"మీరు ఆపుతారని, సార్," అంది నైలా.

క్విగ్లీ మొహం మాడిపోయింది. "అంటే నా డ్రెస్సు చూసి నేనిలాంటివాణ్ణని ముందే తేల్చేశావా అమ్మాయ్? నేనెవరో తెలుసా నీకు?"

"ఆపారు కదా సార్!"

"అది వేరే విషయం."

సార్జెంటును పిలిపించారు. ఆయన చట్టం తిరగేశాడు. రూపం చూసి ఎవరి గురించీ ముందే అభిప్రాయం ఏర్పరచుకోరాదని ఉంది. అది పోలీసులకే అని ఎక్కడా లేదు. (సమదృష్టి అంటే అదే.) నైలా మీద కేసు రాశారు.

"నాన్నా, పరీక్ష టైమైపోతోంది," అంది నైలా ఏడుపు గొంతుతో. ఆల్టన్‌కు ఒళ్లు మండిపోయింది. చేతులు మాత్రం మోకాళ్ల మీద కనబడేలాగే ఉంచాడు.

పరీక్ష పోయింది. దాని వెనకే ఉద్యోగమూ పోయింది. తిరుగుదారిలో నైలా అడిగింది, "మళ్లీ ఆపితే ఏం చెయ్యాలి నాన్నా?"

"ఆశ్చర్యపోవాలి తల్లీ. ఎప్పుడూ ఆపనట్టు."

"మరి కాగితాలు?"

"కారు డ్రాయర్లో దాచు."

"చూపించమంటే చెయ్యి లోపల పెట్టాలిగా?"

 

మర్నాడు ఆల్టన్ ఆ ప్రశ్నను ఉపసంఘానికే రాసి పంపాడు. సభ్యులందరూ ఆశ్చర్యపోయారట.