కండిషన్ బండి

ఆదివారం పొద్దున ఏడు గంటలకు పోశాలు తన తెల్ల కారును మూడోసారి తుడిచి, సాయంత్రంలోగా ఇది అమ్ముడుపోతుందని ఇంట్లో ప్రకటించాడు. భూపాలపల్లి బొగ్గు గనిలో ముప్పై ఏళ్లు ఫిట్టర్‌గా పనిచేసి రిటైరైన మనిషి. యంత్రం గురించి ఆయన ఒక మాటంటే దానికి తిరుగుండదు. కారు కొని తొమ్మిదేళ్లయినా సీట్ల మీద షోరూం వాళ్ల ప్లాస్టిక్ కవర్లు అలాగే ఉన్నాయి. దాన్ని వానలో తీయలేదు, మట్టి రోడ్డు ఎక్కించలేదు, లోపల ఎవరినీ పల్లీ గింజ కూడా తిననివ్వలేదు.

భార్య వీరమ్మ బాధ వేరు. దుమ్ము పడుతుందని కారును ఇంట్లో పెట్టి, ఆమెను అంగడికి ఆటోలో పంపేవాడు. తొమ్మిదేళ్లలో ఆమె ఆ కారెక్కింది పదకొండు సార్లు. అందులో రెండు సార్లు దవాఖానకే. "నెలాఖరుకు గిది వాకిట్ల నుంచి కదలకపోతే పాతసామాన్లోనికి ఇచ్చి ఉల్లిగడ్డలు తీస్కుంట" అని పోయిన వారం తేల్చి చెప్పింది. ఆమె మాటకూ తిరుగుండదు.

'అమ్మబడును' అని రాస్తే బండి మర్యాద పోతుందని పోశాలు నమ్మకం. అందుకని నిన్న వెనక అద్దం మీద ఫోన్ నంబరుతో పాటు ఇలా రాసి అంటించి, బజారులో ఒక చుట్టు తిప్పి తెచ్చాడు: 'ఏసీ కారు. మంచి కండిషన్. కావలసిన వారు ఫోన్ చేయగలరు.'

ఏడున్నరకు ఫోన్ మోగింది. పది కిలోమీటర్ల దూరంలోని తండా నుంచి మాన్‌సింగ్ అనే రైతు.

"అన్నా, తెల్ల కారు నీదేనా? మా బామ్మర్ది రెడ్యా నిన్న భూపాలపల్లి బజార్ల చూసి నంబర్ పంపిండు. మంచిగ నడుస్తదా?"

"నడుసుడేంది, ఉరుకుతది."

"ఏసీ పని చేస్తదా? మా యాడికి ఉక్కపోత పడదు." తండా భాషలో యాడి అంటే అమ్మ.

"చద్దరు తెచ్చుకోమను."

"నడుమల ఆగకుంట కాళేశ్వరం దాక పోతదా?"

పోశాలుకు రోషం వచ్చింది. "కాళేశ్వరమేంది, కాశి దాక పోతది. ఎప్పుడంటే అప్పుడు చూపిస్త."

"అయితే ఇప్పుడే రా అన్నా. ఇంటోళ్లమంత తయారుగున్నం."

వీరమ్మకు ఇది నచ్చలేదు. "కొనేటోడు మనింటికి రావాలె గని, మనం పోవుడేంది?"

"అసలైన కొనేటోడు గిట్లనే ఉంటడు. కాళేశ్వరం దాక పోయి పరీక్ష చేస్తడట. చెయ్యనీ. ఒక్క బోల్టు వదులున్నదని చూపిస్తే ఉత్తగనే ఇచ్చేస్త" అని పోశాలు బయలుదేరాడు.

తండాలో మాన్‌సింగ్, అతని భార్య జమ్లీ, వాళ్ల యాడి ఎదురుచూస్తున్నారు. యాడి కారెక్కకుండా దాని చుట్టూ వంగి వంగి చూస్తూ తిరిగింది. తలుపు పిడి కింద వేలు పెట్టి కొడుకుతో ఏదో అంది.

"ఈడ గీత ఉన్నదంటుంది అన్నా."

పోశాలు మోకాళ్ల మీద కూర్చుని చూశాడు. ఉంది. వెంట్రుకంత గీత. తొమ్మిదేళ్లలో తన కంటికే చిక్కనిది! బేరంలో ఈ ముసలమ్మ ముందు జాగ్రత్తగా ఉండాలని ఆయన గట్టిగా అనుకున్నాడు.

జమ్లీ బియ్యం మూట, పెద్ద వంట గంజు, కట్టెల మోపు తెచ్చి డిక్కీలో పెట్టింది. డిక్కీ ఎంత పడుతుందో చూస్తున్నారని పోశాలు కూడా ఒక చెయ్యి వేశాడు. కాటారంలో మాన్‌సింగ్ బంకు దగ్గర ఆపించి డీజిల్ పోయించాడు. పరీక్షకు సొంత డబ్బుతో డీజిల్ పోయించేవాడు ఎంత పెద్దమనిషో అని పోశాలు మురిసిపోయాడు.

ప్లాస్టిక్ కవరు ఒంటికి అంటుకుంటోందని యాడి దాన్ని చర్రున చింపి కాళ్ల కింద వేసింది. పోశాలు కాలు బ్రేకు మీదికి పోయింది. కానీ రేపటి నుంచి కారు వాళ్లదే కదా! జమ్లీ పులిహోర డబ్బా తీసింది. ఆయన కళ్లు రోడ్డు మీదే ఉంచుకున్నాడు.

"అన్నా, జర జోరుగ పోనియ్యి. ఎడ్లబండి గూడ దాటి పోయింది" అంది జమ్లీ.

యాభై దాటని ముల్లు ఎనభై మీదికి వెళ్లింది. బండి వణకలేదు. పోశాలు మాత్రం కొంచెం వణికాడు, సంతోషంతో.

వెనక సీటులో అత్తాకోడళ్లు తమ భాషలో వాదులాటకు దిగారు. అందులో పోశాలుకు అర్థమైనవి రెండే మాటలు. జమ్లీ "చార్" అంటోంది, యాడి "పాంచ్" అంటోంది. ఆయన నాలుగు లక్షలు వస్తే చాలనుకుని వచ్చాడు. ఐదంటున్న యాడి మీద గౌరవం పొంగి ఏసీ ఇంకొంచెం పెంచాడు.

మహదేవపూర్‌లో రెడ్యా, అతని భార్య సౌందర్య కూడా ఎక్కారు. ఆరుగురు. బరువు పరీక్ష కూడా మంచిదేనని పోశాలు సర్దుకున్నాడు. కాళేశ్వరంలో దిగగానే జమ్లీ కొబ్బరికాయల దుకాణంలో నాలుగు కాయలు తీసుకుంది. యాడి ఊరుకోక ఐదోది కూడా తీయించింది. చార్, పాంచ్ అంటే ఇవేనా అని పోశాలుకు అనుమానం వచ్చింది గానీ, కొత్త బండి కొనేవాళ్లు కొబ్బరికాయలు కొట్టరా అని సర్ది చెప్పుకున్నాడు.

వంటకు నీళ్లు దగ్గరగా ఉండాలని మాన్‌సింగ్ కారును గోదావరి ఒడ్డు దాకా తెమ్మన్నాడు.

"ఇసుకల దిగబడ్తదేమో."

"కాశి దాక పోతదంటివి గదా అన్నా!"

ఆ మాటతో పోశాలు కారును ఇసుకలోకి దించాడు. ఇరవై గజాల తర్వాత అది ఇరుసు దాకా కూరుకుపోయింది. అప్పుడే వాన కూడా మొదలైంది. ఐదుగురూ వెనక నుంచి తోశారు. చక్రాలు తిరిగి తడి ఇసుక, బురద అందరి మొహాల మీదికీ చిమ్మింది. యాడి పడీ పడీ నవ్వింది. ఆ నవ్వు చూసి పోశాలు కూడా స్టీరింగ్ మీద తల పెట్టి నవ్వాడు. నాలుగో ప్రయత్నానికి బండి గట్టెక్కింది.

దర్శనం, వంట, భోజనాలు ముగిశాక తిరుగు ప్రయాణంలో రెడ్యా దంపతులు మహదేవపూర్‌లో దిగిపోయారు. సాయంత్రం తండాలో మాన్‌సింగ్ పోశాలు చేతిలో నోట్లు పెట్టాడు. పోశాలు వాటి వైపు చూశాడు.

"బయానా గింత తక్కువనా తమ్మీ?"

"బయానా ఏంది అన్నా? కిరాయి. డీజిల్ నేనే పోయించిన గద. నీ బత్తా గూడ కలిపిన."

"కిరాయా? నేను డ్రైవర్ననుకున్నవా?"

"మరి ఎవరన్నా నువ్వు?"

కారు అమ్మడానికి తెచ్చానని పోశాలు చెప్పాక మాన్‌సింగ్ అసలు సంగతి చెప్పాడు. యాడి కంటి ఆపరేషన్ బాగా జరిగితే కాళేశ్వరం వస్తామని మొక్కుకున్నారట. అందుకే కిరాయి బండి కోసం వెతికారు. "కావలసిన వారు ఫోన్ చేయగలరు అని ఉంటే కిరాయికే అనుకున్నం అన్నా. తప్పయింది" అని చేతులు జోడించాడు.

యాడి కొడుకును పక్కకు పిలిచి ఏదో చెప్పింది. మాన్‌సింగ్ మొహం విప్పారింది. "యాడి కొనమంటుంది అన్నా. ఇసుకల నుంచి ఎల్లిన బండి ఏడ గూడ ఆగదంటుంది. మిర్చి పైసలున్నయి. నువ్వు అడిగినంత ఇస్త."

పొద్దున అనుకున్నట్టే సాయంత్రానికి బేరం కుదిరింది. పోశాలు కారు వైపు తిరిగాడు. తలుపుల దాకా బురద, సీటు మీద పసుపు మెతుకులు, డిక్కీ మీద ఐదుగురి చేతి ముద్రలు. తొమ్మిదేళ్లలో దాన్ని ఇంత అందంగా ఎప్పుడూ చూడలేదు.

"ఇయ్య తమ్మీ."

"ఏమైందన్నా?"

"ఇది ఇయ్యాల్నే నడుసుడు మొదలు పెట్టింది. గిప్పుడే ఎట్ల అమ్ముత?"

నోట్లు తిరిగి మాన్‌సింగ్ జేబులో పెట్టి, పోశాలు ఇంటికి ఎనభైలో వచ్చాడు. వాకిట్లో ఆగిన మట్టి ముద్దను వీరమ్మ ముందు గుర్తుపట్టలేదు. ఆయన జరిగిందంతా ఒక్క ఊపిరిలో చెప్పాడు.

"రేపు పొద్దున తయారుగుండు. మనిద్దరం కాళేశ్వరం పోదాం. తొవ్వల పులిహోర తిందాం."

వీరమ్మ కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, కిరాయి ఎంత తీసుకుంటావని అడిగింది.