మా టైలరు నాకు తాతయ్యాడు

మా ముత్తాత మదపుటేనుగును ఒంటిచేత్తో ఆపాడు. ఈ మాట కాదనేవాళ్ళు మా ఇంట్లో తప్ప ఇంకెక్కడా లేరు.

ఆ ఇంట్లోవాళ్ళ నోళ్ళు మూయించడానికే మా పేట వంశచరిత్ర సంఘంలో చేరాను. అయ్యా, అమ్మా, మీరూ చేరండి. కళ్ళజోడు తరవాత మనిషికి ఇంత ఉపకారం చేసింది మరొకటి లేదు. ఇదివరకు నాకు ఇంటికి సరిపడా చుట్టాలుండేవారు. ఇప్పుడు వీధిలోకి వెళితే చాలు. పాలప్యాకెట్లు వేసే ఆయన నాకు మేనల్లుడు, కరెంటు మీటరు చూసే అమ్మాయి పెద్దమ్మ, నన్ను చూస్తే చాలు మొరిగే కుక్కను పెంచుతున్న ఎదురింటి లాయరు సాక్షాత్తూ బావమరిది. ఆయనతో దెబ్బలాడాలంటే ఇంతకుముందు కారణం వెతుక్కోవాల్సి వచ్చేది. ఇప్పుడు చుట్టరికం ఉంది, చాలదూ?

సంఘం ఆదివారాలు లైబ్రరీ మేడమీది గదిలో కూడుతుంది. గోడ పొడుగునా చార్టులు. సెక్రటరీ రిటైరైన డ్రాయింగు మేష్టారు. ఎవరి కొమ్మ ఎవరికి తగులుతుందో స్కేలు పెట్టి తేలుస్తాడు. ఆయన గీత వంకర పోదు. కావలిస్తే మనుషులే ఒక తరం పైకో కిందికో జరుగుతారు.

ఆ గదికి ఫ్యాను ఒక్కటే. దానికింద ఉన్న చేతుల కుర్చీ సంఘంలో పెద్దవాడిది. అందులో కూర్చున్నవాడే ముందు మాట్లాడాలి, అతను ముగించేదాకా ఎవరూ లేవకూడదు. వయసులో నన్ను మించినవాడు లేడు గనక కుర్చీ నాదైంది. ఏనుగును కొంచెం కొంచెంగా వడ్డించాను. ఒక్కో ఆదివారం ఒక్కో కాలు. ఇంకా తొండం దాకా రానేలేదు.

అంతలో మేష్టారికి న్యాయం గుర్తొచ్చింది. "పెద్దరికమంటే వయసు కాదండీ, వరస" అని చార్టు మీద స్కేలు జరుపుకుంటూ పోయి మా వీధి టైలరు దగ్గర ఆపాడు. అతనూ మా సంఘంవాడే, ఇంకా మీసం కుదురుకోని కుర్రాడు. నాకు వరసకు తాత!

తాత ఏమాత్రం మొహమాటపడలేదు.

"లే, మనవడా. ఎంతసేపని కూర్చుంటావు, నడుం పట్టేస్తుంది."

"ముందు నా చొక్కా ఎప్పుడిస్తావో చెప్పవయ్యా," అన్నాను లేవకుండా.

"పెద్దవాళ్ళను నిలదీయకూడదు, నాయనా. కాజాలే మిగిలాయి."

లేచాను. ఏం చేస్తాను? ఆయన కూర్చుని గొంతు సవరించుకుని, మా ముత్తాత తనకు పెదనాన్న అవుతాడు గనక ఏనుగు సంగతి తానే చెప్పాలన్నాడు. "మా నాయనమ్మ చెప్పేది. అది ఏనుగు కాదు, దూడ. పెదనాన్న ఆపిందీ లేదు. ఆ దూడే ఆయన్ను గడ్డివాములోకి తరిమింది."

గదంతా నవ్వింది. అందరికన్నా గట్టిగా నేనే నవ్వాను. మా నాన్న నాకు చెప్పిందీ దూడే మరి. ఇన్నేళ్ళు మేపి ఏనుగును చేసింది నేను.

ఇంతకీ ఆ గదిలో ఫ్యాను లేదు. ఎప్పుడూ లేదు. ముసలాడు ఒక కుర్చీ కోసం ఇంత యాగీ ఎందుకు చేశాడని మీరు అడుగుతారని ఈ కథలో నేనే బిగించాను. ఫ్యాన్లకేం, మా ఇంట్లో గదికొకటి ఉంది. "మా ముత్తాత" అని నేను మొదలెట్టేసరికి అందరికీ ఎక్కడలేని పనులూ గుర్తొస్తాయి. దానికింద నేనొక్కణ్ణే మిగులుతాను.