తాతగారు ఏ బీరువాలో ఉన్నారు

ప్రజల సౌకర్యార్థం మరణాల రికార్డులన్నింటినీ పేర్ల వరస నుంచి తప్పించి కారణాల వరసలో సర్దడమైనదని పురపాలక కార్యాలయం గోడ మీద ప్రకటన అంటించారు. ప్రజలు చదివి సంతోషించారు. సంతోషించని వాళ్ళకు చదువు రాదని అధికారులు తీర్మానించుకున్నారు.

ఈ మార్పు వెనక గొప్ప ఆలోచన ఉంది. కొత్తగా వచ్చిన అధికారి ఎక్కడో శిక్షణ పొంది వచ్చినవాడు. ఊళ్ళో పేర్లు వేలకు వేలు, పోవడానికి కారణాలు మాత్రం వందకు మించవు, కాబట్టి పేరుతో వెతకడం కంటే కారణంతో వెతకడమే తేలికని ఆయన లెక్క తేల్చాడు. ఆ లెక్కలో తప్పు పట్టే మొనగాడు ఆఫీసులో లేడు. ఆనాటి నుంచి గుండెపోటు వాళ్ళకు పెద్ద హాలు, జ్వరాల వాళ్ళకు వెనక గది, నీళ్ళలో మునిగిన వాళ్ళకు చెమ్మెక్కిన కింది అంతస్తు కేటాయించారు. బీరువా లోపల మాత్రం ఏ వరసా లేదు. ఆ కాస్తా పౌరుల ఓపికకు వదిలేశారు.

కాగితం కోసం వచ్చేవాళ్ళు కూర్చునే బల్లలను కూడా అలాగే విడగొట్టారు. గుండె బల్ల కిటికీ పక్కన, ఫ్యాను కింద. విరేచనాల బల్ల తలుపు వెనక. కొద్ది రోజుల్లోనే గుండె బల్ల వాళ్ళకు మెడలు కాస్త నిటారుగా నిలబడ్డాయి. తలుపు వెనక వాళ్ళు తమవాళ్ళ గురించి ఎవరైనా అడిగితే "ఏదో ఒంట్లో బాగాలేక" అని నీళ్ళు నమలడం నేర్చుకున్నారు. తండ్రి జ్వరంతో పోయిన ఒకావిడ, ఆఖరి ఘడియలో ఆయన గుండె కూడా ఆగిపోయిందని వాదించి ఫ్యాను కిందికి మారింది. వాదనలో న్యాయం ఉందని అధికారి ఒప్పుకున్నాడు. సంబంధాలు చూసుకునేవాళ్ళు కూడా "మీ పెద్దవాళ్ళు ఏ బల్లండీ?" అని అడగడం మొదలుపెట్టారని వినికిడి.

ఇంత చక్కటి ఆఫీసులోకి ఒకరోజు తాళాలాయన అడుగుపెట్టాడు. బజారు మలుపులో చిన్న కొట్టు ఆయనది. ఊళ్ళో ఎవరి తాళంచెవి పోయినా ఆయనే దిక్కు. ఆయన చేతిలో పడితే మొరాయించే తాళం లేదు. అలాంటివాడి ఇంటి తలుపుకే కార్యాలయం వాళ్ళు నోటీసు అంటించి వెళ్ళారు. "ఈ ఇంటి యజమాని నెలాఖరులోగా స్వయంగా హాజరై, తాను జీవించి ఉన్నదీ లేనిదీ తెలియపరచవలెను. జీవించి లేని పక్షమున తగిన ఋజువు జతపరచవలెను. లేనియెడల ఇల్లు దిక్కులేని ఆస్తిగా స్వాధీనము చేసుకొనబడును."

ఇల్లు తాతగారి పేరున ఉంది. తాతగారు పోయి చాలా కాలమైంది.

"ఆయన తీరిక చేసుకుని వెళ్ళేట్టు లేరు గానీ, మీరు వెళ్ళి రండి" అంది భార్య.

తాళాలాయనకు దిగులేమీ లేదు. తాతగారు ఎలా పోయారో ఊరందరికీ తెలుసు. ధాన్యం గోదాము తగలబడుతుంటే లోపల చిక్కుకున్న మనిషి కోసం మంటల్లోకి దూకి, అతన్ని బయటికి తోసి, తాను అక్కడే ఆహుతైపోయాడు. వీధి మొదట్లో రాతిఫలకం ఉంది. ఏటా ఆ రాయి దగ్గర తాళాలాయన బాబాయి ఉపన్యాసం ఇస్తాడు. ఆ బాబాయికి వేరే ఉద్యోగం ఉన్నట్టు ఎవరికీ గుర్తులేదు. సభల్లో ఆ కుటుంబానికి ముందు వరసలో కుర్చీలు వేస్తారు. మంటల్లో దూకినవాడి మనవడు దొంగతాళం చెయ్యడని జనం ఇంటి తాళంచెవులు తెచ్చి తాళాలాయనకు నిశ్చింతగా అప్పగిస్తారు.

"కారణం?" అంది రికార్డుల ఆవిడ తలెత్తకుండా.

"అగ్నిప్రమాదం మేడమ్" అన్నాడాయన, కొంచెం గొంతు సవరించుకుని.

ఆవిడ లోపలికెళ్ళింది. దుమ్ముతో తిరిగొచ్చింది.

"మీ తాతగారు మంటల్లో లేరండీ."

"సరిగ్గా చూడండి మేడమ్. వీధిలో రాయి కూడా ఉంది."

"రాళ్ళ మీద ఉన్నవాళ్ళంతా మా బీరువాల్లో ఉండాలని లేదు. ఇంకేదైనా చెప్పండి."

"ఇంకేదైనా అంటే?"

"అది నన్నడుగుతారేంటి? సొంత తాత ఎలా పోయాడో తెలియకుండా వచ్చారా? తప్పు కారణం చెప్పినందుకు సంజాయిషీ రాసిచ్చి మళ్ళీ దరఖాస్తు పెట్టండి."

తాళాలాయన సంజాయిషీ రాశాడు. తరవాత పొగ అన్నాడు. లేడు. గోడ కూలడం అన్నాడు. లేడు. ప్రతిసారీ ఒక సంజాయిషీ, ఒక కొత్త బల్ల. ఊళ్ళో తనకు తెలియని మనుషులతో ఎన్ని రకాల చావుల గురించి మాట్లాడాడో లెక్కలేదు. చివరికి తల ప్రాణం తోకకొచ్చి, "త్యాగం కింద చూడండి మేడమ్" అన్నాడు.

"త్యాగానికి బీరువా ఉండేదండీ. ఎప్పుడూ ఖాళీగానే ఉంటోందని ఆఫీసరుగారు అందులో టిఫిన్ క్యారేజీ పెట్టుకుంటున్నారు."

నెలాఖరు ముంచుకొస్తోంది. తాళాలాయన ఇంటికొచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. బాబాయికి కబురు చేస్తే, తాతగారి త్యాగాన్ని దాచేసిన కార్యాలయాన్ని ఖండిస్తూ గంటసేపు మాట్లాడి వెళ్ళాడు. భార్య సామాన్లు ఎక్కడికి మార్చాలా అని గోడల వంక చూస్తోంది. వెనక గదిలో మేనత్త చిరిగిన దుప్పటికి అతుకు వేసుకుంటూ అన్నీ వింటోంది. ఆవిడ తాతగారికి పెద్ద కూతురు. బాబాయి ఆఖరివాడు.

"ఒరేయ్" అని పిలిచింది. "ఏ బీరువాలో చూపించావు?"

"ఉన్నవన్నీ చూపించానత్తా."

"నవ్వు బీరువా చూపించావా?"

తాళాలాయనకు అర్థం కాలేదు.

"మీ తాత మంటల్లో పోలేదురా. శుభ్రంగా బయటికొచ్చాడు. జుట్టు కాస్త కమిలింది, అంతే."

"మరి మనిషిని కాపాడ్డం?"

"ఆయన లోపలికెళ్ళింది చెప్పుల కోసం. ఆ పొద్దున గోదాముకి తాళం బిగించడానికెళ్ళి లోపల విప్పాడు. కొత్త చెప్పులు. మంటలు రాగానే అందరితోపాటు బయటికి ఉరికాడు. కాళ్ళు చూసుకున్నాడు. మళ్ళీ లోపలికి ఉరికాడు. పొగలో ఏమీ కనపడక, చెప్పులు ఏదో మూట కింద ఇరుక్కున్నాయనుకుని ఆ మూటని కాళ్ళు పట్టి బయటికీడ్చాడు. తీరా చూస్తే అది మూట కాదు, అప్పటి పురపాలక అధ్యక్షుడి బావమరిది. పని ఎగ్గొట్టి గోదాములో నిద్రపోతున్నాడు."

"చెప్పులో?"

"కాలిపోయాయి. దాని గురించే నెలరోజులు ఏడ్చాడు. ఈలోగా అధ్యక్షుడు సన్మానం పెట్టించి, ఈ ఇల్లు బహుమానంగా ఇచ్చాడు. స్టేజీ మీద కాగితం చేతికిచ్చి ఉపన్యాసం అందుకున్నాడు. 'కాళ్ళకు చెప్పులు కూడా లేకుండా, ఒట్టి పాదాలతో అగ్నిలోకి నడిచిన మహానుభావుడు' అన్నాడు. నేను ముందు వరసలో కూర్చున్నా. మీ తాత నా వంక చూసి పెదవి కొరుక్కున్నాడు. అధ్యక్షుడు ఊరుకోవచ్చు కదా, జనం చప్పట్లు కొట్టారని ఆ ముక్కే మళ్ళీ అన్నాడు. ఇంక మీ తాత వల్ల కాలేదు. నవ్వి నవ్వి, పొట్ట పట్టుకుని, కుర్చీలోంచి జారి అక్కడే పోయాడు. జనం ఆనందబాష్పాలనుకుని చప్పట్లు కొడుతూనే ఉన్నారు."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం అత్తా?"

"నన్నెవరడిగార్రా? చూసినవాళ్ళు ఒక్కొక్కరే పోయాక ఉపన్యాసమే ఊరికి చరిత్రైంది. మీ బాబాయి మాట్లాడుతుంటే మధ్యలో ఊపిరి పీల్చుకోడానికే సందుండదు."

మర్నాడు "నవ్వు" అని రాసిన దరఖాస్తు చూడగానే రికార్డుల ఆవిడ మొదటిసారి తలెత్తింది. "మీరేనా వాళ్ళు?" అంది. మెట్ల కింద చిన్న బీరువా ఒకటి ఉంది. తాళంచెవి ఎప్పుడో పోయింది. తాళాలాయనే జేబులోంచి చెవుల గుత్తి తీసి తెరిచాడు. లోపల ఒకే ఒక్క కాగితం. "సన్మాన సభయందు, అధ్యక్షులవారి ఉపన్యాసము జరుగుచుండగా, సమయము కాని సమయమున కలిగిన నవ్వు వలన" అని కారణం చూపారు.

"నవ్వు బల్ల ఎక్కడ మేడమ్? కాసేపు కూర్చుంటాను."

"వెయ్యలేదండీ. ఎవరూ రాలేదు."

ఇల్లు దక్కినట్టేనని భార్య సామాన్లు యథాస్థానాల్లో పెట్టేసింది. వారసుడిగా బాబాయి సంతకం ఒక్కటే మిగిలింది. బాబాయి కాగితం చదివి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివి, లేచి నిలబడ్డాడు. ఆయన లేచి నిలబడితే చుట్టాలంతా అలవాటుగా కూర్చుంటారు.

"ఇల్లు ఇటుకలతో కట్టింది నాయనా. పరువు తరాలతో కట్టింది. రేపు నలుగురిలో మీ నాన్న ఎలా పోయాడంటే, పళ్ళికిలించి పోయాడని చెప్పమంటావా? ఆ రాయి దగ్గర ఏ మొహం పెట్టుకుని నిలబడను? ఈ కాగితం మీద సంతకం పెట్టే చెయ్యి నాకు లేదు. కారణం సవరించుకుని రా. రెండు చేతులతో పెడతాను."

చుట్టాలు ఔనౌనన్నారు. మంటల బల్ల నుంచి లేచి బల్లే లేని చోటికి వెళ్ళడానికి ఎవరికి మనసొప్పుతుంది? తాళాలాయన మేనత్త వంక చూశాడు. ఆవిడ దారం కొరికి తెంచుకుంది.

నిబంధనల్లో సవరణకు వీలుంది. కళ్ళారా చూసినవాళ్ళు ప్రమాణం చేస్తే చాలు. బాబాయి చేశాడు. మేనత్త అప్పట్లో చిన్నపిల్ల కాబట్టి ఆవిడ మాట చెల్లదన్నారు.

"నేను చిన్నపిల్లనైతే వీడు అప్పటికి ఉయ్యాల్లో ఉన్నాడు కదయ్యా" అంది మేనత్త అధికారితో.

"ఉయ్యాల్లో ఉన్నవాడికి వేరే పని ఉండదమ్మా. శ్రద్ధగా చూసి ఉంటారు" అన్నాడు అధికారి.

కారణం మారింది. కారణంతోపాటు తేదీ కూడా మార్చాల్సి వచ్చింది. మంటల్లో పోయిన మనిషిని సన్మానం దాకా ఆపడం కార్యాలయానికి సాధ్యం కాదని రికార్డుల ఆవిడ వివరించింది. తాళాలాయనకూ అది సబబుగానే తోచింది. బాబాయి రెండు చేతులతో సంతకం పెట్టాడు. కాగితాలన్నీ సరిగ్గా నెలాఖరున దాఖలయ్యాయి. ఆ రాత్రి అన్నం దగ్గర భార్య అడిగింది.

"మంటల్లోనే పోతే, ఆ తరవాత సభలో ఇచ్చిన ఇల్లు ఎవరు తీసుకున్నట్టండీ?"



కార్యాలయం నుంచి జవాబు చాలా మర్యాదగా వచ్చింది. "మీ తాతగారు అగ్నికి ఆహుతై అమరులైనారని ధ్రువీకరించుటకు గర్వపడుచున్నాము. అమరులైన పిమ్మట వారి పేర జరిగిన దానము చెల్లదు కావున ఇల్లు కార్యాలయమునకు చెందినదై ఉన్నది." కుటుంబం మనసు నొచ్చుకోకుండా ఒక ఏర్పాటు కూడా చేశారు. ఆ ఇంటిని అమరవీరుడి స్మారక భవనంగా మారుస్తారట. దానికి కొత్త తాళం బిగించే పని, ఊళ్ళో ఆ పని తెలిసినవాడు ఒక్కడే కాబట్టి, తాళాలాయనకే ఇచ్చారు. ఆయన బిగించాడు. మంచి తాళం. ఇక ఆయన కూడా తెరవలేడు, పైగా తెరిస్తే నేరం.

ప్రారంభోత్సవానికి కుటుంబానికి ముందు వరసలో కుర్చీలు వేశారు. సామాన్ల మూటలు కూడా అక్కడే, కుర్చీల పక్కన పెట్టుకోనిచ్చారు. మేనత్త దుప్పటి మూట మీద కూర్చుంది. బాబాయి మైకు అందుకున్నాడు.

"కాళ్ళకు చెప్పులు కూడా లేకుండా," అన్నాడు గద్గదంగా, "ఒట్టి పాదాలతో అగ్నిలోకి నడిచిన మహానుభావుడు..."

తాళాలాయన మేనత్త వంక చూడకూడదనుకున్నాడు. చూశాడు. ఆవిడ పెదవి కొరుక్కుంటోంది. భార్య అతని తొడ గిల్లింది. జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లు విని బాబాయి ఆ ముక్కే మళ్ళీ అన్నాడు. తాళాలాయన పొట్ట పట్టుకుని ముందుకు వంగిపోయాడు. కళ్ళ నుంచి నీళ్ళు ధారలు కట్టాయి. తాతను తలుచుకుని మనవడు ఎలా కుమిలిపోతున్నాడో చూడమని జనం ఒకరికొకరు చూపించుకుని ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

వెనక వరసలోంచి రికార్డుల ఆవిడ నెమ్మదిగా లేచి వచ్చి, అతని చెవి దగ్గర వంగింది.

"ఆ మెట్ల కింద బీరువాకు పట్టే చెవి మీ గుత్తిలోనే ఉండిపోయిందండీ. ఎందుకైనా మంచిది, ఇప్పుడే ఇచ్చెయ్యండి."

ఆయన బతికే ఉన్నాడు. ఊరి చివర అద్దె గదిలో ఉంటున్నాడు. సభల్లో ముందు వరస కుర్చీ మాత్రం తప్పకుండా దొరుకుతోంది. బీరువా ఇప్పుడు పూర్తిగా ఖాళీ, బోలెడంత చోటుంది. ఇది చదువుతూ మీకు ఎక్కడైనా నవ్వొచ్చి ఉంటే, ఆ సంగతి ఇంట్లో వాళ్ళకు ముందే చెప్పి ఉంచండి. లేకపోతే పాపం వాళ్ళు మీ కోసం గుండె హాలులో వెతుక్కుంటారు. చెప్పినా సరే, నలుగురిలో చెప్పుకోవడానికి బాగుంటుందని మిమ్మల్ని అక్కడే చేర్పిస్తారనుకోండి, అది వేరే సంగతి.