చదవడం ఐచ్ఛికం

రాసేవాళ్ళ సంఖ్య చదివేవాళ్ళ సంఖ్యను దాటిపోయిన మొట్టమొదటి నాగరికత మనది. ఈ ఘనత సాధించడంలో ఉత్తర అమెరికా తెలుగువారి కృషిని భావి చరిత్రకారులు తప్పకుండా రాస్తారు. (ఎవరైనా చదువుతారని మాత్రం హామీ ఇవ్వలేం.)

పాఠకుల కొరతకు శాశ్వత పరిష్కారం కనిపెట్టిన ఊరు ఆర్కాన్సా రాష్ట్రంలోని బెంటన్‌విల్. అక్కడ ఒక మహా రిటైల్ కంపెనీ హెడ్డాఫీసు ఉంది. దాని చుట్టూ కాంట్రాక్టర్లు, కాంట్రాక్టర్ల చుట్టూ అపార్ట్‌మెంట్లు, అపార్ట్‌మెంట్ల చుట్టూ పార్కింగ్ లాట్లు. పాలు కావాలన్నా కారు తీయాల్సిన ఆ ఊళ్ళో సైలస్ అనే మనిషి రోజూ నడిచేవాడు. నడిచొచ్చి, దారిలో చూసినదాన్ని ‘కాలిబాట’ అనే బ్లాగులో రాసేవాడు.

సైలస్‌ది తుని. రిటైల్ కంపెనీలో టెస్టింగ్ పని, ఆదివారం తెలుగు చర్చిలో కీబోర్డు. మాట చాలా తక్కువ. ఇంట్లో కుళాయి కారుతున్నా భార్య ప్రేమజ్యోతికి నోటితో చెప్పడు, మెసేజ్ పెడతాడు. అలాంటివాడు బ్లాగులో మాత్రం నీటి గుంట దగ్గర బాతుల గురించీ, వాటికి దారి ఇవ్వడానికి ఆగిపోయిన ట్రక్కు డ్రైవర్ గురించీ పేజీలకు పేజీలు రాసేవాడు. బాగానే రాసేవాడని అంటారు. నిర్ధారించడానికి సాక్షులు దొరకలేదు.

బ్లాగు పెరగాలంటే సోషల్ మీడియాలో పంచుకోవాలని నిపుణులు చెబుతారు. సైలస్ పంచుకున్నాడు. రాజమండ్రిలో ఉన్న బావమరిది నమస్కారం బొమ్మ పెట్టాడు. మరో వారం పంచుకున్నాడు. అదే బావమరిది, అదే నమస్కారం. ఈ ప్రగతిని గమనించిన చర్చి మిత్రుడొకడు అతన్ని భీమశంకర్ గారి దగ్గరికి పంపాడు.

భీమశంకర్ గారు గుంటూరు జిల్లాలో ఓ మండలాఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. ఏడాదిలో సగం కూతురి దగ్గర బెంటన్‌విల్‌లో ఉంటారు. ఆఫీసు లేకపోతే ఆయనకు అన్నం సహించదని గ్రహించిన కూతురు ఒక ఫోన్ కొనిచ్చింది. ఆయన అందులోనే ఆఫీసు పెట్టుకున్నారు. దాని పేరు అంతర్జాల తెలుగు రచయితల పరస్పర ప్రోత్సాహక సంఘం. నిజానికి అదొక వాట్సాప్ గ్రూపు, దానికో ఫేస్‌బుక్ పేజీ. ఆ సంగతి ఆయన ముందు ఎవరూ అనరు.

సంఘం సూత్రం సులభం. సభ్యుడు ఏది రాసినా మిగతా సభ్యులంతా ఒక్క రోజులోగా దానికి హార్ట్ కొట్టాలి, కనీసం మూడు మాటల వ్యాఖ్య రాయాలి, తమ గోడ మీద షేర్ చేయాలి. వ్యాఖ్య తోచనివారి సౌకర్యార్థం ఆమోదిత వ్యాఖ్యల పట్టిక ఉంది. విమర్శ చేయదలచినవారు ముందుగా ఉపసంఘానికి దరఖాస్తు పెట్టుకోవాలి. (ఉపసంఘం ఇంకా ఏర్పడలేదు.) ప్రతి శుక్రవారం ఎవరు ఎంత శాతం ప్రోత్సహించారో గ్రూపులో ప్రకటిస్తారు.

“మరి చదవడం?” అని సైలస్ అడిగాడు.

భీమశంకర్ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. “అది సభ్యుల వ్యక్తిగత విషయం బాబూ. సంఘం జోక్యం చేసుకోదు. నిబంధనల్లో ఐచ్ఛికం అని స్పష్టంగా రాశాం.”

సైలస్ చేరాడు. మరుసటి పోస్టుకే అతని పేజీ హృదయాలతో ఎర్రబారింది. శాన్ రామన్ నుంచి, ఐసెలిన్ నుంచి, ఎప్పుడూ పేరు వినని ఊళ్ళ నుంచి మనుషులు “అక్షర సత్యం”, “మీ కలానికి వందనం” అన్నారు. ఆ పోస్టు బాతులు రెట్టలు వేసిన నడకదారిని సిటీవాళ్ళు కడగడం గురించి. అయినా అతను ఆ రాత్రి భోజనాల దగ్గర తనంతట తానే నోరు విప్పి, “జనం చదువుతున్నారు,” అన్నాడు. ప్రేమజ్యోతి సంతోషించి తానూ సంఘంలో చేరిపోయింది. ఆమెకు బ్లాగు లేదు. సహాయక సభ్యురాలిగా తీసుకున్నారు.

ఇంత పకడ్బందీ వ్యవస్థలో ఒకే ఒక్క లోపం ఉండేది. ఆమె పేరు రాజేశ్వరమ్మ.

రాజేశ్వరమ్మ గారిది నల్గొండ. భర్త పోయాక కొడుకు దగ్గరికి వచ్చింది. కోడలు అలేఖ్య చిరుధాన్యాల వంటల బ్లాగు నడుపుతుంది, సంఘంలో సీనియర్ సభ్యురాలు. ఇంట్లో పగలంతా ఖాళీగా ఉన్న మనిషి వేలికి పని చెబితే తన బ్లాగుకి బలమని అత్తగారిని కూడా సభ్యురాలిని చేసింది. ముసలావిడ పట్టికంతా విని తలూపింది. తర్వాత సోఫాలో కూర్చుని, కళ్ళజోడు సర్దుకుని, మొదటి పోస్టును మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టింది. అది పూర్తయ్యేసరికి గ్రూపులో మరో తొమ్మిది వచ్చి పడ్డాయి.

ఆమె శాతం ఎన్నడూ రెండంకెలకు చేరలేదు. శుక్రవారాల్లో ఆమె పేరు అట్టడుగున, ఒక్కోసారి ఎర్ర రంగులో ఉండేది. “పెద్దావిడ, మెల్లగా అలవాటవుతుంది,” అని అలేఖ్య సర్దిచెబుతూ వచ్చింది.

అక్టోబరులో సైలస్ ‘వంతెన అవతలి ఎత్తు’ అనే పోస్టు రాశాడు. మొదట ఆకులు రంగు మారడం, తర్వాత సైకిల్ తొక్కుతూ పలకరించే ఒక ముసలి దొర. నాలుగో పేరాలో ఇలా ఉంది: ‘వంతెన దాటాక ఎత్తు మొదలవుతుంది. ఈమధ్య అది ఎక్కుతుంటే ఎవరో నా ఛాతీ మీద ఎక్కి కూర్చున్నట్టుంటోంది. ఎడమ చెయ్యి దవడ దాకా లాగుతుంది. చొక్కా తడిసిపోతుంది. బెంచీ మీద కాసేపు ఆగితే ఆయన లేచి వెళ్ళిపోతాడు. రోజూ వస్తున్నాడు. నిన్న కాస్త ఎక్కువసేపు కూర్చున్నాడు.’

అతనికి భయంగానే ఉంది. కాంట్రాక్టు రెన్యువల్ నడుస్తోంది, పిల్లల చదువులున్నాయి, ప్రేమజ్యోతికి చెబితే కంగారు పడుతుంది. చెప్పకుండా ఉండటమూ చేతకాలేదు. అందుకని తనకు చేతనైన పద్ధతిలో చెప్పాడు. ఎవరో ఒకరు అడుగుతారనుకున్నాడు.

స్పందన అపూర్వం. “గుండెను పిండేశారు సార్,” అన్నారు ఐసెలిన్ నుంచి. “ఊపిరి ఆగిపోయింది,” అన్నారు డాలస్ నుంచి. “ఆ కూర్చునే ఆయన పాత్ర చిత్రణ అమోఘం,” అని ఒకాయన రాశాడు. (ఈయన నాలుగో పేరాలో సగం దాకా వెళ్ళినట్టు ఆధారాలున్నాయి. సంఘం చరిత్రలో ఇది అరుదు.) భీమశంకర్ గారు దాన్ని వారపు ఉత్తమ రచనగా ప్రకటించారు. ప్రేమజ్యోతి తాను పనిచేసే డేకేర్‌లో పిల్లలు నిద్రపోయే వేళ హార్ట్ కొట్టింది, షేర్ చేసింది.

సైలస్ అన్ని వ్యాఖ్యలూ చదివాడు. ప్రతి ఒక్కరికీ ధన్యవాదాలు చెప్పాడు. మర్నాడు మళ్ళీ వంతెన వైపు వెళ్ళాడు.

శనివారం ఉదయం అతని ఫోన్ మోగింది. సంఘంలో ఎవరూ ఎవరికీ ఫోన్ చేయరు, అలాంటి నిబంధన లేదు.

“సైలస్ బాబేనా? నేను రాజేశ్వరమ్మను. అలేఖ్య వాళ్ళ అత్తమ్మను.”

“చెప్పండి ఆంటీ.”

“నువ్వు రాసింది ఇప్పుడే చదివిన. ఎవరో ఛాతి మీద కూసున్నట్టు అయితుందని రాసినవ్ గద. అది నిజమా, కల్పించినవా?”

సైలస్ రాతలో ఏముందో ఒక మనిషి అతన్ని అడగడం అదే మొదలు.

“నిజమే ఆంటీ.”

“డాక్టర్‌కు చూపించుకున్నవా?”

“లేదండీ. గ్యాస్ అనుకుంటా.”

“మా ఆయన గూడ ఇట్లనే అన్నరు. ఎవరో కూసున్నరు రాజేశ్వరీ అన్నరు. గ్యాసే అనుకొని జీలకర్ర నీళ్ళు ఇచ్చిన. ఇప్పుడు ఉన్నదా నొప్పి?”

“కొంచెం ఉంది.”

“ప్రేమజ్యోతికి ఫోనియ్యి.”

ఫోన్ ఇచ్చాడు. అవతల ఆమె ఏం చెప్పిందో గాని, ప్రేమజ్యోతి స్టవ్ ఆపి అంబులెన్స్ కోసం 911కి కాల్ చేసింది. మధ్యాహ్నానికి సైలస్ గుండెలో స్టెంట్ వేశారు. ఇంకో రెండు రోజులు నడిచి ఉంటే ఆ ఎత్తు మీదే ఉండిపోయేవాడని కార్డియాలజిస్టు చెప్పాడు.

సాయంత్రం మంచం పక్కన కూర్చున్న ప్రేమజ్యోతి చాలాసేపు ఏడ్చింది. తర్వాత అడిగింది. “నాకెందుకు చెప్పలేదండీ?”

“రాశాను కదా.”

“నాకు చెప్పాలి కదా.”

“నువ్వు హార్ట్ కూడా పెట్టావు.”

ఆమె ఫోన్ తీసి చూసుకుంది. తన పేరు కింద ‘ఎంత హాయిగా ఉందో’ అని ఉంది. పట్టికలోంచి తీసిందే. అతని చెయ్యి పట్టుకుని అలాగే కూర్చుంది.

సంఘం చేతులు ముడుచుకు కూర్చోలేదు. హాస్పిటల్ గౌనులో ఉన్న సైలస్ ఫోటోని భీమశంకర్ గారు స్వయంగా పేజీలో పెట్టారు. గంటలోపు సభ్యులంతా హార్దిక అభినందనలు తెలిపారు.

శుక్రవారం శాతాలు వచ్చాయి. రాజేశ్వరమ్మ గారు ఆ వారం ఒకే ఒక్క పోస్టు చదివింది, దానికీ హార్ట్ కొట్టలేదు, వ్యాఖ్య రాయలేదు. భీమశంకర్ గారు సంజాయిషీ నోటీసు పంపారు. అయినా ఆయన చెడ్డవాడు కాదు. ముందుగా ఫోన్ చేసి మాట్లాడారు.

“మీరు చేసింది మంచిపనమ్మా. నేను కాదనను. కానీ మన పద్ధతిలో మంచిపనికి కాలమ్ లేదు. ఏ పద్దు కింద వెయ్యమంటారు?”

“ఏసుకోకుండ్రి. నాకేం ఫరక్ పడదు,” అంది ఆమె.

కానీ ఆమెకు తెలియని సంగతి ఒకటుంది. సంఘం దృష్టిలో కుటుంబమంతా ఒకే యూనిట్. అత్తగారికి సంజాయిషీ నోటీసు వెళితే కోడలి బ్లాగుకి ప్రోత్సాహం ఆగిపోతుంది. అలేఖ్య కొర్రల కిచిడీకి ఆ వారం హార్ట్‌లు రాలేదు. రాగి మురుకులకూ రాలేదు. ప్రకటన కోసం కొలాబరేషన్ ఇస్తామన్న ఐసెలిన్ చీరల షాపు వాళ్ళు ‘ఎంగేజ్‌మెంట్ పడిపోయింది కదండీ’ అని మెసేజ్ పెట్టి ఊరుకున్నారు. రెండేళ్ళుగా పిల్లలు పడుకున్నాక కూర్చుని నిలబెట్టుకున్న బ్లాగు అది. అలేఖ్య వంటగదిలో నిలబడి కళ్ళు తుడుచుకోవడం రాజేశ్వరమ్మ గారు చూసింది.

అలేఖ్య అరవలేదు, నిష్ఠూరమూ ఆడలేదు. అత్తగారి పక్కన కూర్చుని ఫోన్ చేతిలోకి తీసుకుంది.

“అత్తమ్మా, మీరు చదువుతున్నారు. అక్కడే లేట్ అవుతోంది.”

“మరి చదవకుంట బాగుందని ఎట్ల అంటా?”

“ఇట్లా,” అని అలేఖ్య చేసి చూపించింది. బొటనవేలు పైకి, హార్ట్, పట్టికలోంచి ఒక వ్యాఖ్య అతికింపు, షేర్. మళ్ళీ బొటనవేలు పైకి. ముసలావిడ వేలు మొదట్లో పోస్టు మధ్యలో ఆగిపోయేది. అలేఖ్య నెమ్మదిగా ఆ వేలిని పైకి జరిపేది. కోడలి మొహంలో మళ్ళీ నవ్వు కనబడాలని ఆమె శ్రద్ధగా నేర్చుకుంది. క్రిస్మస్ నాటికి కళ్ళజోడు అవసరం కూడా లేకపోయింది.

జనవరిలో సైలస్ మళ్ళీ కీబోర్డు ముందు కూర్చున్నాడు. ఆ ఫోన్ కాల్ గురించి రాశాడు. తనకు పరిచయం లేని ఒక నల్గొండ ముసలావిడ తన నాలుగో పేరా దాకా ఎలా నడిచొచ్చిందో, మూడు మాటలు అడిగి తన పిల్లలకు తండ్రిని ఎలా మిగిల్చిందో రాశాడు. రాస్తూ రెండుసార్లు లేచి బయటికి వెళ్ళొచ్చాడు. అతను రాసినవాటిలో అదే గొప్పదని ప్రేమజ్యోతి అంటుంది. ఈసారి ఆమె చదివింది.

పోస్టు పెట్టి ఒక రోజు ఆగి సైలస్ ఫోన్ చేశాడు.

“ఆంటీ, మీ గురించి రాశాను. చూశారా?”

“చూసిన బాబూ. అందరికంటె ముందు నేనే హార్ట్ పెట్టిన. షేర్ గూడ చేసిన.”

“చదివారా?”

అవతల మిక్సీ శబ్దం వినబడింది.

“లేదు నాయనా. ఈ వారం నాది నూటికి నూరు వచ్చేటట్టున్నది. ఆడ ఆగితే పోతది. అలేఖ్య కష్టపడుతున్నది గద, పాపం.”

“మంచిదండీ,” అన్నాడు సైలస్. “ఒంట్లో బాగుందా?”

“మంచిగున్నది,” అని ఆమె ఫోన్ పెట్టేసింది.

అతను తన పోస్టు తెరిచి, కింద ఆమె వ్యాఖ్య కోసం వెతికాడు. తన గుండెపోటు గురించిన ఆ రచన కింద, అన్నిటికంటే మొదట, రాజేశ్వరమ్మ గారి పేరుతో ఇలా ఉంది: ‘చాలా బాగుంది. రెండో భాగం కోసం ఎదురుచూస్తున్నాం.’