దాతకో తల

ఒంటితల మనిషి వల్ల లోకానికి ఇంతవరకు ఒరిగిందేమీ లేదు! ఈ మాట నేను బాగా ఆలోచించే అంటున్నాను. అదే ఏడు తలల రాక్షసుణ్ణి చూడండి. ఒక తల కునుకు తీస్తుంటే ఇంకో తల భోంచేస్తుంది, మూడోది ఉపన్యాసం ఇస్తుంది. అంత పనిమంతుణ్ణి పట్టుకుని కథల్లో చంపేస్తారా? ఎంత అన్యాయం!

అదృష్టవశాత్తు మన ప్రాంతం ఆ తప్పు దిద్దుకుంది. తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు దాకా ఏ సెంటర్లోనైనా నిలబడి పైకి చూడండి. ఫ్లెక్సీకి నలభై తలలు! మొండెం లేదు, కాళ్లు లేవు, నవ్వులకు మాత్రం లోటు లేదు. దారి చూపే బోర్డు వాటి వెనక పడిపోతే మునిగిందేముంది? గణపవరం వెళ్లాల్సినవాడు పెంటపాడు చేరతాడు. పెంటపాడు మాత్రం ఊరు కాదా?

ఈ సత్యం ఆలస్యంగా తెలుసుకున్న మనిషి సుబ్బలక్ష్మి టీచరు. కొల్లేటి ఒడ్డున ఒక బడిలో తెలుగు చెబుతారు. వార్షికోత్సవానికి ఆవిడే ఒక నాటకం రాశారు. ఏడు తలల రాక్షసుడు కాలవకి అడ్డంగా పడుకుని ఊరికి చుక్క నీరు రానివ్వడు. చేపలు పట్టేవాళ్ల పిల్ల ఒకతె వాడి తలలన్నీ నరికి నీళ్లు తెస్తుంది. ఆ ఊరికి తాగేనీళ్లు ట్యాంకరు మీద, అదీ దానికి బుద్ధి పుట్టినప్పుడు వస్తాయి కనుక, పిల్లలకి కథ ఇట్టే అర్థమైంది.

ఆ తలలు నరికే పిల్ల వేషం బేబీరాణిది. క్లాసులో నోరు విప్పని పిల్ల, అట్టకత్తి చేతికివ్వగానే గొంతు విప్పింది. టీచరుగారికి ప్రాణం లేచొచ్చింది. ఊరందరి ముందు ఆ పిల్ల ఒక్కసారి గట్టిగా మాట్లాడితే చాలు, తన ఉద్యోగం సార్థకమైనట్టే అనుకున్నారు.

ఖర్చుకి దాతలు ఏడుగురు దొరికారు. దాత అన్నాక ఫోటో వెయ్యాలి కదా! రాక్షసుడి తలలు ప్రింటు చెయ్యమని తాడేపల్లిగూడెంలో ఫ్లెక్సీలు వేసే హేమంత్‌కుమార్‌కి చెప్పి, దాతల ఫోటోలూ అతనికే పంపారు. వచ్చిన రాక్షసుణ్ణి చూసి టీచరుగారు వెంటనే ఫోను తీశారు.

"దాతలకి వేరే చోటు లేదండీ," అన్నాడు హేమంత్‌కుమార్ ఫోన్లో. "తలలు ఖాళీగానే ఉన్నాయి కదాని వాటిమీద వేసేశానండీ. కోరలు మాత్రం తియ్యలేదండీ, డిజైను పాడైపోద్ది."

చేపల మేత వ్యాపారి బుల్లిరాజుగారు చూడ్డానికి వచ్చారు. మధ్య తల ఆయనదే. టీచరుగారు దేవుళ్లందరికీ మొక్కుకుంటూ నిలబడ్డారు.

"బాగుందమ్మా," అన్నారాయన. "కానీ పక్కాయన కోరలు నాకంటే పెద్దవిగా ఉన్నాయేంటండీ?"

సాయంత్రానికి కుర్చీలిచ్చిన నరసింహరాజుగారు అలిగారు, తనకి తల లేదని. ఎనిమిదో తల మొలిచింది. తర్వాత మైకు ఇచ్చినాయనకి, మజ్జిగ పోయించినాయనకి, ఏమీ ఇవ్వకపోయినా ఊళ్లో పెద్దమనిషైన ఒకాయనకి, ఇలా వరసగా మొలుస్తూనే పోయాయి. పదిహేడు తలలయ్యేసరికి రాక్షసుడు వేదిక మీద పట్టక, రెండు తలల్ని మెట్ల మీద కూర్చోబెట్టాల్సి వచ్చింది.

మరి ముందు ఎవరి తల నరకాలి? బుల్లిరాజుగారిది ముందు నరికితే అశుభం, ఆఖర్న నరికితే అవమానం!

"అసలు నరకడం ఎందుకండీ? శాలువాలు కప్పించేస్తే పోలా?" అన్నారు నరసింహరాజుగారు.

"కథ మారిపోతుందండీ," అన్నారు టీచరుగారు.

"కథే కదండీ!"

అలా బేబీరాణి చేతిలో కత్తి పోయి శాలువాలు వచ్చాయి. పాపం, ఆ పిల్ల పదిహేడు తలలకీ ఓపిగ్గా కప్పింది. కప్పి, మైకు ముందుకొచ్చి, నాటకంలో లేని మాట ఊరంతా వినేలా అడిగింది.

"మరి రాక్షసుడు లేవలేదు కదండీ! మా ఊళ్లోకి నీళ్లెప్పుడొస్తాయండీ?"

వేదిక మీద తలలు నవ్వుతూనే ఉన్నాయి. వాటి సొంతదారులు ముందు వరుసలో ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వెనక వరుసల్లో తల్లులు లేచి నిలబడ్డారు, జవాబు వింటే గాని కూర్చోమన్నట్టు. సుబ్బలక్ష్మి టీచరు ఒక్కరే, కళ్లనీళ్లతో, చేతులు మండేదాకా చప్పట్లు కొట్టారు.

వచ్చే శనివారం ఆవిడకి బదిలీ వీడ్కోలు సభ. పెద్ద ఫ్లెక్సీ వేయిస్తున్నారు. ఆవిడ తల కూడా ఉంటుందట, బుల్లిరాజుగారి తల కింద, కాస్త చిన్నదిగా.